అద్దె యిల్లు – గ్యాసు పరీక్ష

నేడు నేను చెప్పబూనినది బ్రిటను దేశపు చట్ట మొకదాని చరిత్ర. అద్దెకిచ్చిన యింటిలోని గ్యాసు పొయ్యిలను, పొగగూళ్లను ఇంటి యజమాని తన ఖర్చుతో ఏటేట పరీక్ష చేయింపవలెనని ఆ చట్టము శాసించుచున్నది. సముద్రముల కావలి దేశమున అద్దె యిండ్ల గొడవ మనకేల యని మీరనుకొనవచ్చును. నేనును ఒకప్పుడట్లే యనుకొంటిని. అట్లనుకొనుట వలన నా కుమార్తె ప్రాణముమీదికి వచ్చినది. అందుచేతనే యీ విషయమును మీవంటి పెద్దల యెదుట ఉంచుచున్నాను.

మొదట మా యూరి సంగతి యొకటి మనవి చేసెదను. నాకు పదియేండ్ల ప్రాయమున, అనగా 1951వ సంవత్సరమున, మా మేనత్త పురిటికి పుట్టింటికి వచ్చెను. పుష్యమాసపు చలి. బాలింతరాలికి చలిగాలి తగులరాదని గది తలుపులు బిగించి, కిటికీ సందులలో గుడ్డపేలికలు కూరి, మంచము ప్రక్కను బొగ్గుల కుంపటి పెట్టిరి. తెల్లవారి తలుపు తీయునప్పటికి తల్లియు బిడ్డయు నిద్రించుచున్నట్లే యుండిరి. ఊపిరి మాత్రము లేదు. గాలి సోకినదని ఊరివారనిరి. భూతవైద్యుని ముందుగా పిలువకపోతినే యని మా నాయనమ్మ బ్రతికినన్నాళ్లు ఏడ్చెను. ఆ మాట యొకవిధముగా నిజమే. సోకినది గాలియే. అది యే గాలియో మాలో నెవ్వరికిని తెలియదు.

ఆ గాలి పేరు కార్బన్ మోనాక్సైడు. బొగ్గు గాని, కట్టె గాని, నూనె గాని, గ్యాసు గాని చాలినంత గాలి లేక మండినప్పుడు ఇది పుట్టును. దీనికి రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. మన నెత్తురులో ప్రాణవాయువును మోసికొనిపోవు ఎఱ్ఱని పదార్థమొకటి కలదు. ఈ విషవాయువు ఆ పదార్థమును ప్రాణవాయువుకంటె రెండువందల రెట్లకు మించిన పట్టుతో పట్టుకొనును. బండి నిండ పరుల సరకు ఎక్కియుండగా మన ధాన్యమునకు చోటెక్కడిది? ఊపిరి పీల్చుచునే మనుష్యుడు ఊపిరాడక చచ్చును. ఈ మర్మమును 19వ శతాబ్ది నడుమను ఫ్రెంచి పండితుడు క్లోద్ బెర్నార్డు కనుగొనెను.

ఆ శతాబ్ది కడపట జాన్ స్కాట్ హాల్డేన్ అను బ్రిటిషు శాస్త్రజ్ఞుడు ఈ విషవాయువును తానే పీల్చి, తన దేహమున కలుగు మార్పులను వ్రాసికొనెను. బొగ్గుగనులలోనికి కానరీ యను చిన్నపిట్టను పంజరమున పెట్టి తీసికొనిపొండని చెప్పినవాడు ఆయనయే. పిట్ట మనకంటె ముందుగా సొమ్మసిల్లును. అది చూచి మనుష్యులు బయటపడవచ్చును. బ్రిటను గనులలో 1986వ సంవత్సరము వఱకు ఆ పిట్టలు కాపలా కాచెను. ఈ హాల్డేన్ గారి కుమారుడు జె. బి. ఎస్. హాల్డేన్ బాల్యమున తండ్రితోకూడ గనులలో దిగినవాడు. తానును గొప్ప శాస్త్రజ్ఞుడై, 1957లో మన దేశమునకు వచ్చి స్థిరపడి, 1964లో భువనేశ్వరమున దేహము చాలించెను. ఆయన మరణశాసనము ననుసరించి ఆ దేహమును వైద్యవిద్యార్థుల యుపయోగమునకై మన కాకినాడ రంగరాయ వైద్యకళాశాలకు ఇచ్చిరి. కనుక ఈ కథ మనకు బొత్తిగా పరాయిది కాదు.

ఇక గ్యాసు సంగతి. విలియం మర్డాక్ అను స్కాట్లండు దేశీయుడు 1792లో కార్న్‌వాల్ సీమలోని రెడ్రూత్ అను పట్టణమున తన యింటిని బొగ్గుగ్యాసు దీపముతో వెలిగించెను. బొగ్గును మూతవేసిన యినుపపాత్రలో కాల్చినచో మండెడు వాయువు వెలువడును. దానిని గొట్టముగుండ తెచ్చి వెలిగించుటయే ఆయన ఉపాయము. 1807లో లండను నగరపు పాల్ మాల్ వీథిలో గ్యాసు దీపములు వెలిగెను. 1812లో గ్యాసు వ్యాపారమునకు రాజశాసనముతో నొక కంపెనీ యేర్పడెను. నాడు వీథులకు వెలుగిచ్చిన గ్యాసు రానురాను వంటయింటికి వచ్చెను, చలిమంటలోనికి వచ్చెను.

మొదట నిది ధనికుల భోగము. 19వ శతాబ్ది చివర పెన్నీ నాణెము వేసినచో అంతకు తగిన గ్యాసు విడుచు మీటర్లు బయలుదేరినవి. అంతట కూలినాలి చేసికొని అద్దెగదులలో నుండువారికిని గ్యాసు అందెను. సుఖముతోపాటు ప్రమాదమును వచ్చెను. రాత్రివేళ నాణెము విలువ తీరిపోయి మంట ఆరిపోవును. మీట మూయక అందఱు నిద్రించుచుండగా ఎవరో మరల నాణెము వేయుదురు. మంట లేని గ్యాసు గదినిండ వ్యాపించును. ఆ నాటి బొగ్గుగ్యాసులో కార్బన్ మోనాక్సైడు పాలు కలిసియుండుటచే, మండకున్నను అది విషమే.

1949 మే 1వ తేదీన గ్యాసు కంపెనీలన్నియు ప్రభుత్వపరమయ్యెను. 1965లో ఉత్తర సముద్రగర్భమున సహజవాయువు దొరకెను. 1967 మొదలు 1977 వఱకు ఇల్లిల్లు తిరిగి సుమారు 4 కోట్ల పొయ్యిలును దీపములును క్రొత్తగ్యాసునకు తగినట్లు మార్చిరి. ఈ సహజవాయువులో కార్బన్ మోనాక్సైడు లేదు. విషము విరగడైనదని జనులు సంతసించిరి. కాని అది సగము నిజము. గ్యాసులో విషము లేకున్నను, గాలి చాలక మండిన మంటలో విషము పుట్టును. పొగగూటిలో పక్షి గూడు కట్టినను, మసి పేరుకొన్నను, పుట్టిన విషము బయటికి పోక గదిలోనికి తిరిగివచ్చును.

ఇట్లుండగా 1968 మే 16వ తేదీన లండను తూర్పుభాగమున, న్యూహామ్ అను పురపాలకపు పరిధిలో, ఘోరమొకటి జరిగెను. రోనన్ పాయింట్ అను 22 అంతస్తుల క్రొత్త మేడ. పేదలకు అద్దెకిచ్చుటకై పురపాలకులు కట్టించినది. జనులు కాపురము వచ్చి రెండు నెలలే యైనది. 18వ అంతస్తున నొక యిల్లాలు వేకువనే లేచి, తేనీటికి నీరు కాచుకొనుటకై అగ్గిపుల్ల గీసెను. రాత్రియంతయు కాఱి నిలిచిన గ్యాసు భగ్గున పేలెను. గోడ ఊడిపోయెను. ఆ గోడపై నానుకొన్న పై యంతస్తుల మూల కూలెను. ఆ బరువునకు క్రింది యంతస్తుల మూలయు కూలెను. నలుగురు మరణించిరి. 17 మంది గాయపడిరి. అగ్గిపుల్ల గీసిన యిల్లాలు బ్రతికెను.

విచారణ జరిపినవారు కనుగొన్నదేమి? పొయ్యికిని గ్యాసు గొట్టమునకును నడుమ బిగించిన యిత్తడి మర నాసిరకముది. దాని మందము చాలక అది విరిగినది. మేడ కట్టుబడిలోని అతుకుల లోపము వేఱొక పెద్ద కథ. కాని ఆదిలో విరిగినది అఱచేతిలో నిముడు ఇత్తడి ముక్క. దానిని అద్దెకున్న యిల్లాలు ఎట్లు పరీక్షింపగలదు? ఆమె యెఱుగనే యెఱుగదు. ఎఱుగదగినవారు దానిని చూడలేదు.

ఈ ప్రశ్నయే ఆ దేశపు పాలకులను వెంటాడెను. గ్యాసు పనివారిని నమోదు చేయు సంఘము 1970లో ఏర్పడెను. 1972లో గ్యాసు భద్రతకై నిబంధనలు వచ్చెను. 1974లో పనిచోటుల ఆరోగ్యమును భద్రతను గూర్చిన పెద్ద చట్టము వచ్చెను. 1991 మొదలు, నమోదు కాని వ్యాపారి గ్యాసు పని ముట్టరాదని కట్టడి చేసిరి. ఇంత జరిగియు అద్దె యింటిలోని పాతపొయ్యి యెవరిది యను ప్రశ్న మిగిలియేయుండెను. పొయ్యి యజమానిది, ఊపిరి అద్దెవానిది. పొయ్యిని బాగుచేయించు అధికారము గలవాడు ఆ గాలి పీల్చడు. ఆ గాలి పీల్చువానికి పొయ్యిని విప్పించు అధికారము లేదు. 1994లో వచ్చిన నిబంధనలు ఈ చిక్కును విప్పి, బాధ్యతను యజమాని తలపై పెట్టెను. 1998 అక్టోబరు 31వ తేదీనుండి అమలైన నిబంధనలలో దీనిని మరల స్పష్టముగా వ్రాసిరి.

దాని సారాంశ మిది. పండ్రెండు నెలలు దాటకుండ పరీక్ష జరుగవలెను. నమోదైన పనివాడే చేయవలెను. 2009 ఏప్రిల్ 1వ తేదీనుండి ఆ నమోదును గ్యాస్ సేఫ్ రిజిస్టర్ అను సంస్థ నడపుచున్నది. పరీక్షాపత్రము నకలును ఇంటనున్నవారికి 28 దినములలోపల ఇయ్యవలెను; క్రొత్తగా వచ్చువారికి కాపురము పెట్టకముందే ఇయ్యవలెను. ఆ పత్రమును యజమాని రెండేండ్లైన భద్రపఱుపవలెను. అద్దెవాడు స్వయముగా కొని తెచ్చుకొన్న పొయ్యి మాత్రము యజమాని పరీక్షలోనికి రాదు. ఏటికొక పరీక్షతో బాధ్యత తీరదు. ఏడాది పొడవునను వానిని మంచి స్థితిలో ఉంచవలెను. తప్పినవానికి జరిమానాయే కాక చెఱసాలయు ప్రాప్తించును.

యజమానులు కొందఱు మొఱపెట్టిరి: "మేము పనివానిని పంపుదుము; అద్దెవాడు తలుపు తీయడు. అప్పుడు నేరము మాదా?" ఇది తీసివేయదగిన మాట కాదు. బలవంతముగా తలుపు త్రోసికొనిపోవు హక్కు యజమానికి చట్టమీయలేదు. పలుమాఱులు జాబు వ్రాసి, పరీక్ష యేల కావలెనో తెలిపి, చేయదగిన యత్నమంతయు చేసినట్లు చూపినవాడు తప్పించుకొనును. గడువునకు రెండు నెలలు ముందుగా పరీక్ష చేయించినను పాత తేదీ పోకుండునట్లు 2018లో ఒక సవరణ చేసిరి. అందుచే తొందరపడినవానికి నష్టము లేకపోయెను.

ఇక నా సంగతి. నా కుమార్తెయు అల్లుడును లండనులోని ఈస్ట్ హామ్ పేటలో అద్దె యింట కాపురముండిరి. అచ్చట మన తెలుగు బిడ్డలు, చదువులకు పోయినవారు, కొలువులకు పోయినవారు, పెక్కుమంది కలరు. రోనన్ పాయింట్ నిలిచిన చోటు ఆ పేటకు రెండుమూడు మైళ్ల దూరమే. ఆ మేడను 1986లో పడగొట్టిరి. 2016 నవంబరులో నా కుమార్తె ప్రసవించినది. నేనును నా భార్యయు సాయముగా వెళ్లితిమి. డిసెంబరు చలి. ముందుగదిలో గోడకు గ్యాసు చలిమంట కలదు. అదియే వెచ్చని గది యని బాలింతను బిడ్డను అచ్చటనే పరుండబెట్టితిమి. కిటికీ తెఱలు దించితిమి. చలిగాలి రాకుండ తలుపు క్రింద దుప్పటి చుట్టి పెట్టినది నేనే.

వారము తిరుగకముందే అమ్మాయికి తలనొప్పి, వాంతి. నా భార్యకును తల బరువు. సాయంకాలము అట్లు వీథిలోనికి పోయివచ్చిన తగ్గును. ఇంట కూర్చున్న మరల వచ్చును. పరదేశపు చలి పడలేదని యనుకొంటిమి. ఒకనాడు అమ్మాయి కాగితములు సర్దుచు గ్యాసు పరీక్షాపత్రము చూచినది. కడపటి పరీక్ష జరిగి పదునాలుగు నెలలైనది. "నాన్నగారూ, మంట నీలముగా నుండవలెను. ఇది పసుపుపచ్చగా మండుచున్నది. పైన గోడకు మసి పట్టినది. ఇంటి యజమానికి వ్రాసెదను" అనినది.

నేనేమంటినో మీకు దాచకుండ చెప్పెదను. "అమ్మా, మనము అద్దెకున్నవారము. ఇంటివానితో పేచీ యెందుకు? ఈ చలిలో పసిగుడ్డుతో ఇల్లు ఖాళీ చేయుమన్న నెక్కడికి పోదువు? మెల్లగా చూచుకొందము" అంటిని. పెద్దవాని మాట యని ఆమె ఊరకున్నది. నాలుగవనాటి యుదయమున నా భార్య పిలిచినను అమ్మాయి లేవలేదు. అల్లుడు పరుగెత్తివచ్చి కిటికీలు తెఱచి, తల్లిని బిడ్డను వాకిటిలోనికి చేర్చినాడు. ఆ మంచులో నిలిచి నేను చూచినది నా కూతురి మొగము కాదు. 1951 నాటి మా మేనత్త మొగము.

దైవకృపచే ఇద్దఱును దక్కిరి. ఆసుపత్రిలో నెత్తురు పరీక్షించి, కార్బన్ మోనాక్సైడు అని తేల్చి, ప్రాణవాయువు పెట్టిరి. ఆ దినమే గ్యాసు ఆపివేసిరి. మఱునాడు నమోదైన పనివాడు వచ్చి తన గుర్తింపుచీటి చూపెను. పొగ పుట్టించు పుల్ల యొకదానిని వెలిగించి చలిమంట నోటివద్ద పట్టుకొనెను. పొగగూడు బాగున్నచో ఆ పొగ లోనికి పీల్చబడవలెను. అది వెనుకకు తిరిగి మా మొగములమీదికే వచ్చెను. గూటిలో పక్షులు కట్టిన పుల్లలును మసియు దిమ్మెవలె నుండెను. రెండు నెలలక్రితము చట్టప్రకారము పరీక్ష జరిగియున్నచో ఆ పుల్ల పొగయే ముందుగా చెప్పెడిది.

ఇంటి యజమాని వచ్చెను. చెడ్డవాడు కాడు; వృద్ధుడు. తేదీ మఱచితిననెను. బిడ్డను చూచి, మాట రాక, టోపీ చేత పట్టుకొని నిలువబడెను. నేనతనిపై కోపపడలేకపోతిని. అతడు మఱచినాడు; నేను తెలిసియు ఆపితిని. నేరము పంచవలసివచ్చినచో నా పాలే హెచ్చు.

స్వదేశమునకు వచ్చినపిమ్మట వేఱొక తలవంపు కాచుకొనియుండెను. మా యూరియింట వీథివైపు రెండు వాటాలు అద్దెకిచ్చియున్నాను. వంటయింటి కిటికీని, కోతులు వచ్చుచున్నవని, నేనే మేకులు కొట్టి మూయించితిని. సిలిండరు రబ్బరు గొట్టముమీద ముద్రించిన గడువు దాటి మూడేండ్లైనది. స్నానపుగదిలో గ్యాసుతో నీళ్లు కాచు గీజరు పెట్టియున్నారు. గాలి పోవుటకు బెజ్జమైన లేదు. "ఇన్నాళ్లు నాకేల చెప్పలేదు?" అని అద్దెకున్న ఉపాధ్యాయుని అడిగితిని. ఆయన తలవంచుకొని, "అద్దెకున్నవారము, మీతో పేచీ యెందుకని ఊరకుంటిమి బాబుగారూ" అనెను. నా మాటయే నాకు తిరిగివచ్చినది.

ఆ దినమే మేకులు పీకించి ఇనుపజాలి పెట్టించితిని. గొట్టము మార్పించితిని. గీజరును స్నానపుగది వెలుపలికి తీయించితిని. ఏటేట సంక్రాంతికి ముందు, ఇంటికి సున్నము వేయించునప్పుడే, తెలిసిన పనివానిచే ఈ మూడింటిని చూపించి తేదీ వ్రాసికొనుచున్నాను.

మన పల్లెలకు గ్యాసు వచ్చుట నిన్నమొన్నటి మాట. 1999లో మన రాష్ట్రమున దీపము పథకమును, 2016లో దేశమంతట ఉజ్జ్వల పథకమును వచ్చినపిమ్మట, పొగచూరిన వంటయిండ్లలో మన యాడువారి కన్నులు కొంత తెఱపినపడినవి. ఇది మేలు, దీనిని కాదనరాదు. కాని 2014 జూన్ 27వ తేదీ వేకువను కోనసీమలోని నగరము గ్రామమున గ్యాసు గొట్టము పగిలి మంటలు చెలరేగి ఇరువదిమందికి పైగా అసువులు బాసిరి. పనికివచ్చు అగ్ని యెంత చేరువకు వచ్చునో, దానిమీద చూపు అంత నిలుపవలెను.

అద్దెకిచ్చు పెద్దలకు నా మనవి యింతే. సిలిండరు గ్యాసు గాలికంటె బరువైనది. కాఱినచో నేలమీదనే నిలుచును. అది మనకు తెలియవలెననియే దానిలో దుర్వాసన కలిపినారు. వాసన వచ్చినచో దీపపు స్విచ్చియైన ముట్టక, తలుపులు తెఱచి, సిలిండరు మీట కట్టివేయవలెను. రబ్బరు గొట్టమును అయిదేండ్లకొకమాఱైన మార్పవలెను. వాసనలేని విషము మాటకు గాలి రాకపోకలే మందు. మూసిన గదిలో కుంపటియు, మూసిన స్నానపుగదిలో గ్యాసు గీజరును ఎన్నడును వలదు. ఇంటనున్నవారందఱికి ఒక్కమాఱే తలనొప్పి వచ్చి, వెలుపలికి పోయిన తగ్గుచున్నచో, అది చలి కాదు, గాలిచేష్ట కాదు, పొయ్యిని చూడుడు.

అద్దెకున్నవారు నోరు తెఱచి చెప్పుటకు జంకుదురు. ఆ జంకు ప్రాణములు తీయును. వారడుగకముందే మనము అడుగుట యజమాని ధర్మము. బ్రిటనులో దానిని చట్టముచేత నేర్చుకొనిరి. నేను కూతురిని చలిలో ఎత్తుకొని నేర్చుకొంటిని. మీకంత ఖరీదు పడకుండుగాక యని నా ప్రార్థన.